ఊరి ఋణము

ఒక యింట రాత్రి దొంగలు పడిరనుకొందము. తెల్లవారగనే యిరుగుపొరుగువారు వాకిట మూగుదురు. పోలీసులు వచ్చి వివరములు వ్రాసికొందురు. దొంగ దొరకునా, దొరికినచో నెన్ని యేండ్ల శిక్ష పడునని పది దినములు వీధియంతయు చర్చించును. పిమ్మట నా యింటి యిల్లాలు చిన్న చప్పుడైనను ఉలికిపడి లేచి కూర్చుండుచున్నదను సంగతి నడుగువారుండరు. నేరము చేసినవానికి న్యాయస్థానము కలదు, న్యాయవాది కలడు, వాని నడవడి దిద్దుటకు సంస్కర్తలు కలరు. నష్టపడినవారికేమి కలదు? ఈ ప్రశ్నకు మానవసంఘము చెప్పుకొన్న సమాధానముల చరిత్రమును సంగ్రహముగ నిచట పరిశీలింప దలచితిమి.

ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. క్రీ.పూ. 18వ శతాబ్దమున బాబిలోనియా నేలిన హమ్మురాబి తన శాసనములను నల్లరాతిపై చెక్కించెను. ఆ శిల 1901–02లో పారశీకదేశపు సూసా శిథిలములలో దొరకి, నేడు పారిస్ నగరపు లూవర్ ప్రదర్శనశాలలో నున్నది. అందు దోపిడిగాడు పట్టుబడనిచో, దోపిడికి గురియైనవాడు తాను పోగొట్టుకొన్నది దైవసన్నిధిని చెప్పవలెననియు, ఏ పట్టణపు పొలిమేరలో దోపిడి జరిగెనో ఆ పట్టణమును దాని యధికారియు నా నష్టమును పూరింపవలెననియు విధింపబడినది. ప్రాణమే పోయినచో మృతుని బంధువులకు ఒక మీనా, అనగా సుమారు అరకిలో వెండి, చెల్లింపవలెను. దొంగ దొరకనిచో ఊరే ఋణపడినదని దీని తాత్పర్యము.

మన ధర్మశాస్త్రములును ఈ మాటనే చెప్పినవి. చోరులనుండి సొత్తును రాబట్టి సొంతదారున కీయవలెననియు, రాబట్టలేనిచో రాజు తన బొక్కసమునుండి యీయవలెననియు గౌతమధర్మసూత్రము. కౌటిల్యుని యర్థశాస్త్రమునను ఈ విధియే కలదు. అట్లీయని రాజునకు పాపము చుట్టుకొనునని యాజ్ఞవల్క్యుడు. దొంగ యడుగుజాడలు పొలిమేర దాటి పోయినట్లు కానరానిచో ఆ గ్రామమే నష్టము నిచ్చుకొనవలెనని కూడ నతడు విధించెను. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్యను 13వ శతాబ్దమున కేతన తెలుగుపద్యములలోనికి తెచ్చి విజ్ఞానేశ్వరీయమను పేర వెలయించెను. కావున ఈ శాస్త్రము మన వారికి క్రొత్తది గాదు.

పూర్వకాలమే ధర్మకాలమని చెప్పుటకు మేమిది వ్రాయుటలేదు. హమ్మురాబి శాసనములలో మనుష్యుని ప్రాణమునకు వాని యంతస్తును బట్టి వెల కట్టిరి. మన స్మృతులును వర్ణమును బట్టి దండమును మార్చినవి. వారికి ముఖ్యమైనది సొత్తు. అవమానింపబడిన స్త్రీ కన్నీటికి వారి తూకములలో చోటు మిక్కిలి తక్కువ. అయినను ఒక్క సత్యమును వారు గుర్తించిరి: నేరమును ఆపలేకపోయిన సంఘము, నష్టపడినవానికి ఋణపడియుండును.

ఈ సత్యము మరుగుపడిన తీరు ఇంగ్లండు చరిత్రమున స్పష్టముగ కనబడును. నార్మనులు రాకపూర్వము అచట నేరస్థుడు ఒక భాగము నష్టపడినవానికిని, ఒక భాగము రాజునకును చెల్లించుచుండెను. 1285లో వించెస్టరు శాసనము, దోపిడిగాండ్రను పట్టియీయలేని హండ్రెడ్ అను గ్రామసమూహమే నష్టము నీయవలెనని విధించెను. కాని రానురాను నేరమనగా రాజశాంతికి భంగమని యెంచబడెను. జరిమానాలు రాజుకొట్టునకు చేరెను. గాయపడినవాడు కేవలము సాక్షిగ మిగిలెను. మన దేశమున 1898 నాటి నేరవిచారణచట్టము, వసూలైన జరిమానానుండి కొంత బాధితునకీయవచ్చునని చెప్పెను గాని, అందుకు నేరస్థుడు దొరకవలెను, నేరము రుజువు కావలెను, జరిమానా పడవలెను, అది వసూలు కావలెను. ఇన్ని గడపలు దాటి వచ్చిన ధనమెంత?

మరల ఈ ఋణమును లోకమునకు జ్ఞాపకము చేసినది మార్జరీ ఫ్రై అను నొక యాంగ్లేయ వనిత. ఆమె జీవితమంతయు ఖైదీల దుస్థితిని బాపుటకై పాటుపడినది. 1951లో దెబ్బలు తిని చూపు కోల్పోయిన యొకని యుదంతమును ఆమె ప్రజల ముందుంచెను. న్యాయస్థానము వానికి 11,500 పౌనులు నష్టపరిహారము విధించినది. కొట్టిన యిరువురును చెరలో నుండిరి. ఒక్కొక్కడు వారమునకు అయిదు షిల్లింగులు చెల్లింపవలెనట! ఆ లెక్కను చివరి కంతు చేతికందుటకు గ్రుడ్డివాడు 442 సంవత్సరములు బ్రతుకవలెను. ఆమె 1958లో గతించెను. 1963లో న్యూజిలాండు చట్టము చేసెను. 1964లో బ్రిటను ప్రభుత్వధనముతో పరిహారమీయ నారంభించెను.

ధనముతోనే ఋణము తీరునా? తీరదని బ్రిస్టలు నగరవాసులు గ్రహించిరి. అచట నేరస్థులతో పనిచేయువారే, నష్టపడినవారి గతి యేమని తమలో తాము ప్రశ్నించుకొనిరి. 1974 నుండి స్వచ్ఛందసేవకులు పోలీసులవలన చిరునామాలు తెలిసికొని బాధితుల యిండ్లకు పోసాగిరి. వారు చేసినది మిక్కిలి సామాన్యము: చెప్పినది వినుట, విరిగిన తలుపు బాగుచేయించుట, కాగితములు నింపిపెట్టుట, న్యాయస్థానమునకు తోడుపోవుట. 1979 నాటికి ఇట్టి సంఘములకు జాతీయసమాఖ్య యేర్పడెను. 1985లో ఐక్యరాజ్యసమితి బాధితుల హక్కులను ప్రకటించెను. ఖైదీపై దయ, బాధితునిపై దయ పరస్పరవిరోధులు కావనుటకు ఫ్రై జీవితమును బ్రిస్టలు సేవయు నిదర్శనములు.

మన దేశమున ఈ యోచన ఆలస్యముగ వచ్చినది. రైలుబండిలో అత్యాచారమునకు గురియైన యింటిపనివారి వ్యాజ్యమున 1994లో సుప్రీంకోర్టు, ఇట్టి స్త్రీలకు పోలీసుఠాణాలోనే న్యాయవాది తోడ్పాటుండవలెనని పలికెను. 2008లో సవరింపబడి 2009 డిసెంబరు 31 నుండి అమలైన చట్టము, నేరస్థుని జాడ తెలియకున్నను బాధితులు న్యాయసేవాధికారసంస్థను పరిహారమడుగవచ్చుననెను. 2024 జూలైలో వచ్చిన క్రొత్త స్మృతియు దీనిని నిలిపినది. హమ్మురాబి మాట ఇట్లు మరల మన గడప త్రొక్కినది. 2016లో హైదరాబాదున వెలసిన భరోసా కేంద్రము స్త్రీలకును శిశువులకును వైద్యమును, న్యాయసహాయమును, ఓదార్పును ఒక్కచోట చేర్చినది.

ఇక మన యిండ్ల సంగతి. అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరు ప్రకటించుట 1983 నుండి నేరము. అయినను ఆ పేరు మొదట పలుకునది పత్రికలు గావు, మన యరుగులు. "ఆ వేళ అక్కడికేల పోయెను?" అను ప్రశ్న పుట్టునది ఠాణాలో గాదు, మన వంటయిండ్లలో. విద్యావంతులమనుకొను మనమును ఈ దోషమునుండి తప్పించుకొనలేదు. ప్రభుత్వము పరిహారమీయగలదు గాని, పొరుగింటి పలుకరింపు నీయలేదు. ఆమె పిల్లలకు ఒక పూట అన్నము పెట్టుట, ఠాణాకు తోడుపోవుట, జిల్లా న్యాయసేవాధికారసంస్థకు అర్జీ వ్రాసిపెట్టుట, విన్న రహస్యమును కడుపులో దాచుకొనుట, వ్యాజ్యము ముగియువరకు మరువకుండుట: వీనిలో మన చేత కానిదేది? పూర్వము దొంగ యడుగుజాడ ఏ పొలిమేరలో ఆగిన నా యూరు ఋణపడెడిది. నేడు బాధితుల కన్నీరు మన వాకిట నాగినచో ఋణము మనది గాదా?