క్వీన్యమాన్

ఫ్రాన్స్ వాయవ్య కొసన ఉన్న బ్రిటనీ ప్రాంతపు తీపి వంటకం. పులిసిన రొట్టెపిండి, ఉప్పు వెన్న, పంచదార: ముడిసరుకు ఇంతే. దువార్నెనే అనే రేవు పట్టణంలో 1860 ప్రాంతంలో ఈవ్-రెనే స్కోర్దియా అనే రొట్టెల వ్యాపారి దీన్ని తొలిసారి చేశాడని ప్రతీతి. పాత కొలత ప్రకారం పిండిముద్ద 40 పాళ్లు, వెన్న 30, పంచదార 30. అసలు రూపం పెద్ద గుండ్రని రొట్టె. ఇంటి వంటకు చిన్నవే అనువు.

250 గ్రాముల మైదాకు 5 గ్రాముల డ్రై ఈస్ట్, కాస్త ఉప్పు, సుమారు 160 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. వెన్న, పంచదార చెరో 200 గ్రాములకు తగ్గించినా రుచి చెడదు. పొంగిన పిండిని ఫ్రిజ్‌లో చల్లబరిచి వత్తి, మధ్యలో చల్లని వెన్న పలక పెట్టి మూసి, మూడు మడతలు వేసి మళ్లీ వత్తాలి. ఇలా రెండుసార్లు. పంచదార రెండో మడతలోనే చల్లాలి. ముందే చల్లితే చెమ్మ లాగి పిండి జారుగా తయారవుతుంది. చతురస్రాలుగా కోసి, మూలలు మధ్యకు మడిచి, వెన్న రాసిన మఫిన్ గుంటల్లో 190 డిగ్రీల వేడిలో అరగంటకు పైగా కాల్చాలి.

వెన్నలోని నీరు ఆవిరై పొరలను పైకి లేపుతుంది. నీరు లేని నెయ్యితో పొరలు అంత బాగా విడవవు. అడుక్కి జారిన వెన్నలో పంచదార కరిగి, వేగి, ముదురు గోధుమరంగు పాకమై కరకరలాడే పెంకు కడుతుంది. ఈ వంటకం ప్రాణమంతా అందులోనే ఉంది. లేత రంగులో దించేస్తే ఆ రుచి రాదు. వేడిమీదే గుంటల్లోంచి తీసేయండి, చల్లారితే పాకం బిగిసి ఊడిరాదు.