దోషులైన తల్లిదండ్రుల సన్మానము: ఒక ఆజ్ఞ యొక్క చరిత్ర

సీనాయి పర్వతమున మోషేకు అనుగ్రహింపబడిన దశాజ్ఞలలో తల్లిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞకు ఫలము చెప్పబడినదే గాని షరతు చెప్పబడలేదు. ఆ దేశమందు దీర్ఘాయువు కలుగునను వాగ్దానము కలదు. తండ్రి ధర్మపరుడైనచో, తల్లి సౌమ్యురాలైనచో అను మాట నిర్గమకాండము 20వ అధ్యాయమునను లేదు, ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయమునను లేదు. ఈ మౌనము ఆలోచింపదగినది. ఏలయన ఈ ఆజ్ఞను భద్రపరచిన గ్రంథమే తల్లిదండ్రుల దోషములను దాపరికము లేక చెప్పిన గ్రంథము. నోవహు ద్రాక్షారసమత్తుడై గుడారములో వస్త్రహీనుడుగా పడియుండెను. అబ్రాహాము హాగరును ఇష్మాయేలును రొట్టెతోను నీళ్ల తిత్తితోను అరణ్యమునకు పంపివేసెను. ఇస్సాకు ఏశావును, రిబ్కా యాకోబును పక్షపాతముతో ప్రేమించి ఇంటిని రెండుగా చీల్చిరి. ఆ చీలికలోని దుఃఖమునంతయు అనుభవించిన యాకోబే యోసేపునకు విచిత్రమైన నిలువుటంగీ కుట్టించి అదే తప్పును మరల చేసెను. దావీదు తన కుమార్తె తామారునకు జరిగిన ఘోరమును విని కోపించెనే గాని, ఆ ఘోరము చేసిన తన కుమారుడు అమ్నోనును దండింపలేదు. ఆ ఉపేక్షనుండియే మరియొక కుమారుడు అబ్షాలోము తిరుగుబాటు పుట్టెను.

ఇట్టి తల్లిదండ్రులను సన్మానించుట యెట్లు? యూదులును క్రైస్తవులును రెండువేల యేండ్లకు పైగా ఈ ప్రశ్నను విడువక చర్చించిరి. ఆ చర్చ నడచిన దారిని చూచినప్పుడు నాకు తోచు విషయమొక్కటి: సన్మానము వేరు, విధేయత వేరు, దోషమును కప్పిపుచ్చుట వేరు అను భేదము బైబిలు కథలలో మొదటినుండియు ఉన్నది, శాస్త్రకారులు మాత్రము దానిని చాల ఆలస్యముగా, ఒక్కొక్క అడుగుగా గ్రహించిరి.

శాసనభాష మొదట మిక్కిలి కఠినముగా నుండెను. తండ్రినిగాని తల్లినిగాని కొట్టువానికి, శపించువానికి మరణమే శిక్షయని నిర్గమకాండము విధించినది. మాటవినని కుమారుని ఊరి గవినియొద్ద పెద్దల యెదుట నిలిపి రాళ్లతో కొట్టవలెనని ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము చెప్పినది. అయితే ఈ దండము తండ్రి క్రోధమునకు ఆయుధము కాకుండునట్లు ఆ వాక్యమే అడ్డు నిలిపినది: తండ్రి యొక్కడే తీర్పు తీర్చరాదు, తల్లియు కూడ రావలెను, పెద్దలు వినవలెను. తరువాతి రబ్బీలు ఆ అడ్డును ఇంకను పెంచిరి. తల్లిదండ్రులిద్దరును కంఠస్వరమునందును రూపమునందును ఎత్తునందును ఒక్కటిగా నున్నప్పుడే ఆ శాసనము చెల్లునని రబ్బీ యెహూదా వాదించినట్లు తల్మూదులోని సన్హెద్రిన్ ప్రకరణము చెప్పుచున్నది. అట్టి కుమారుడు ఎన్నడును పుట్టలేదు, పుట్టబోడు అని తేల్చిన పక్షమును అచ్చటనే కనబడును. లేవీయకాండము 19వ అధ్యాయము తల్లికిని తండ్రికిని భయపడుమని చెప్పి, వెంటనే విశ్రాంతిదినమును ఆచరింపుమని చెప్పుటలో వారికొక ధర్మసూక్ష్మము గోచరించెను: విశ్రాంతిదినమును భంగపరచుమని తండ్రి ఆజ్ఞాపించినచో కుమారుడు వినరాదు, ఏలయన ఆ తండ్రియు దేవుని సన్మానింప బద్ధుడే.

ఈ సూక్ష్మము రబ్బీలకు తోచుటకు అనేక శతాబ్దముల పూర్వమే సమూయేలు గ్రంథకర్త దానిని యోనాతాను జీవితమున చూపించియుండెను. బైబిలులో దోషియైన తండ్రికి పుట్టిన ఉత్తమపుత్రుడెవడని నన్నడిగినచో నేను యోసేపును గాక యోనాతానునే పేర్కొందును. అతని తండ్రియైన సౌలు రాజు యుద్ధదినమున సైన్యమునకు ఆహారము నిషేధించి ఒట్టు పెట్టించినప్పుడు, తన తండ్రి దేశమును కష్టపెట్టెనని యోనాతాను బహిరంగముగనే పలికెను. సౌలు చంపజూచిన తన స్నేహితుడు దావీదు నిరపరాధియని తండ్రి ముఖమునెదుటనే వాదించెను. ఆ యొక్కసారి సౌలు వినెను. తరువాత భోజనపు బల్లయొద్ద సౌలు కుమారుని తల్లిని కూడ దూషించి ఈటె విసరినప్పుడు యోనాతాను అత్యాగ్రహముతో లేచి, ఆ దినమున భోజనము చేయక వెడలిపోయెను. ఆ ఆగ్రహమును గ్రంథకర్త పాపముగా ఎంచలేదు. ఈ సంగతిని మన ప్రసంగీకులు గమనింపవలెను. దావీదును పట్టుకొనవలెనను రాజాజ్ఞను అతడు పాటింపలేదు సరిగదా, దావీదు తప్పించుకొనుటకు తానే తోడ్పడెను. అయినను తండ్రిని పదభ్రష్టుని చేయ తలపెట్టలేదు. జీఫు అరణ్యమున స్నేహితుని ధైర్యపరచి తిరిగి యింటికి వెళ్లెను, గిల్బోవ కొండమీద తండ్రితో కూడ మరణించెను. అట్లు తిరిగి వెళ్లుట ప్రతి సంతానమునకు విధియని గ్రంథము చెప్పలేదు. సత్యము పలుకుట, అన్యాయపు ఆజ్ఞను నిరాకరించుట, బంధమును తెంచుకొనకుండుట అను మూడును ఒక్క మనుష్యునియందు పొసగునని మాత్రము చూపినది.

రాజుల చరిత్రలో ఇంతకంటె తీవ్రమైన దృష్టాంతములు కలవు. ఆసా రాజు, విగ్రహము చేయించిన అవ్వ మయకాను రాజమాత పదవినుండి తొలగించి, ఆ విగ్రహమును కిద్రోను వాగు ఒడ్డున కాల్పించెను. ఆహాజు మూసివేయించిన మందిరద్వారములను అతని కుమారుడు హిజ్కియా తెరిపించెను. బబులోను చెరలో యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయమున దీనికి సిద్ధాంతరూపము నొసగెను: తండ్రి చేసిన పాపములన్నియు కన్నులార చూచి, ఆలోచించి, అట్లు చేయకుండు కుమారుడు బ్రదుకును, తండ్రి దోషము అతనికి అంటదు. తండ్రి పాపమును చూడక కన్నులు మూసికొనుట ప్రవక్త చెప్పిన మార్గము కాదు. చూచుటయే ఆ కుమారుని విడుదలకు మొదలు.

క్రీస్తుపూర్వము రెండవ శతాబ్ది ఆరంభమున యెరూషలేములో బోధించిన సీరా జ్ఞాని, తండ్రి బుద్ధి సన్నగిల్లినను ఓర్పు వహింపుమనియు, బలవంతుడవైయున్న నీవు అతనిని తృణీకరింపకుమనియు ఉపదేశించెను. ఆయన మనుమడు ఐగుప్తులో ఆ గ్రంథమును గ్రీకుభాషలోనికి తెచ్చెను. ముసలితనపు దౌర్బల్యమును దోషములలో చేర్చి ఆలోచించినది ఇచ్చటనే. సన్మానము నమస్కారముతో ముగియక అన్నవస్త్రములదాక పోవలెనను భావము యేసుక్రీస్తు వాదమున స్పష్టమైనది. తల్లిదండ్రులకు చెందవలసిన సొమ్మును కొర్బాను, అనగా దేవార్పితము, అని ప్రకటించి వారిని ఎండగట్టు ఆచారమును మార్కు సువార్త 7వ అధ్యాయమున ఆయన ఖండించెను. ఆ ఆచారమును మన్నించినవారు భక్తిపరులే. కాని భక్తి పేరిట కన్నవారి కూడు తీయుట ఆయనకు ఆజ్ఞాభంగముగనే కనబడెను. తనకంటె తల్లినైనను తండ్రినైనను ఎక్కువగా ప్రేమించువాడు తనకు పాత్రుడు కాడని చెప్పినవాడును ఆయనయే. సిలువమీద ప్రాణము విడుచుచు తల్లిని శిష్యునికి అప్పగించినవాడును ఆయనయే. పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పిల్లలకు విధేయతను ప్రభువునందు అను హద్దులో చెప్పి, ఆ వెంటనే తండ్రులవైపు తిరిగి పిల్లలకు కోపము రేపవద్దని శాసించెను. మన సంఘములలో మొదటి వాక్యము వినబడినంత తరచుగా రెండవది వినబడదు. ఈ లోపమువలన నలిగిన పిల్లలు ప్రతి సంఘమునను ఉన్నారు. ఇది నాకు నిజముగా బాధ కలిగించు విషయము.

తల్మూదులోని కిద్దుషీన్ ప్రకరణము ఈ చర్చకంతకు హృదయమువంటిది. సన్మానమెంతవరకని అడిగినవారికి రబ్బీలు చూపిన ఆదర్శపురుషుడు యూదుడు కాడు, అష్కెలోను పట్టణపు అన్యజనుడు, దామా బెన్ నెతీనా. బంగారు జరీ పట్టువస్త్రము ధరించి రోమా ప్రముఖుల నడుమ కూర్చుండియున్న అతనియొద్దకు తల్లి వచ్చి, ఆ వస్త్రమును చించి, తలపై కొట్టి, ముఖమున ఉమ్మివేసినను, అతడు ఆమెను సిగ్గుపరచలేదట. ఆమె మతిస్థిమితము లేనిదని మిద్రాషు సంప్రదాయము చెప్పుట గమనింపదగినది. ఆ కథను విన్న తరములవారికి అట్టి వివరణ అవసరమని తోచియుండవచ్చును. అదే ప్రకరణమున ప్రక్కనే దానికి ప్రతిగా మరియొక కథ కలదు. రబ్బీ అస్సీ వృద్ధమాత నగలు కోరగా అతడు చేయించెను. ఆమె భర్తను కోరగా చూచెదననెను. నీవంటి అందగాడే కావలెనని ఆమె యనెను. అంతట అతడు ఆమెను విడిచి ఇశ్రాయేలు దేశమునకు వెడలిపోయెను.

సుమారు 1180లో తన ధర్మసంహితను పూర్తిచేసిన యూదు పండితుడు మైమోనిడీసు ఈ రెండు కథలను రెండు విధులుగా నిలిపెను. తల్లిదండ్రులు చేసిన అవమానమును సహింపవలెను. కాని వారి మతి చెడి కుమారునకు భరింప శక్యము కాని స్థితి వచ్చినప్పుడు, తగిన సంరక్షకులను నియమించి అతడు దూరముగా వెడలిపోవచ్చును. పోస్క్యేరు నగర పండితుడు అబ్రాహాము బెన్ దావీదు దీనిని ఒప్పుకొనలేదు. కుమారుడే వెడలిపోయినచో ఇక కాపాడువారెవరని ప్రశ్నించెను. నేటికిని వృద్ధులైన తల్లిదండ్రులున్న యిండ్లలో ఈ ఇరువురి వాదములును వినబడుచునేయున్నవి. తండ్రి దుర్మార్గుడైనను సన్మానింపవలెనని మైమోనిడీసు చెప్పగా, పదునారవ శతాబ్దిలో షుల్హాన్ అరూఖు అను ధర్మసంహితకు టిప్పణములు వ్రాసిన క్రాకో పండితుడు మోషే ఇస్సెర్లెసు, దుర్మార్గుడైన తండ్రి పశ్చాత్తాపపడువరకు సన్మానింప విధి లేదను మతమును చేర్చెను. ఒకే ప్రశ్న, రెండు తీర్పులు! మైమోనిడీసు మరియొక విధిని కూడ వ్రాసెను: తండ్రి పిల్లలపై భారమైన కాడి మోపరాదు, ఎదిగిన కుమారుని కొట్టు తండ్రిని బహిష్కరింపవలెను, ఏలయన ఆ దెబ్బ కుమారుని పాపమునకు పురికొల్పును. సన్మానవిధిని అంత కఠినముగా నిలిపినవాడే ఈ రక్షణను కూడ నిలుపుట ఆయన న్యాయదృష్టికి నిదర్శనము.

క్రైస్తవ సంఘమున తొలి వివాదము సన్న్యాసమును గూర్చి పుట్టెను. నాలుగవ శతాబ్దిలో గంగ్రా పట్టణపు సభ, దైవభక్తి మిషతో తల్లిదండ్రులను విడిచిపెట్టు పిల్లలను శపించెను; పిల్లలను పోషింపక విడిచిన తల్లిదండ్రులను దానికి ముందరి నియమముననే శపించెను. అదే శతాబ్దిలో క్రైస్తవ పండితుడు జెరోము, సన్న్యాసమునకు పిలుచుచు, గుమ్మమునకడ్డముగా పండుకొనిన తండ్రినైనను త్రొక్కి పొమ్మని తన మిత్రుడు హెలియొదోరునకు వ్రాసెను. నాకు గంగ్రా సభవారి వివేకమే మిన్నగా తోచును.

కాని దోషియైన తండ్రిని గూర్చి సత్యము పలుకుచునే అతనిని సన్మానించు భాషను క్రైస్తవలోకమునకు నేర్పినవాడు అగస్టీను. ఆఫ్రికాలోని తగస్తె పట్టణవాసియైన అతని తండ్రి పత్రీషియసు ముక్కోపి, భార్యయెడ విశ్వాసము తప్పినవాడు. కుమారుని చదువునకై శక్తికి మించి ఖర్చు చేసెనే గాని అతని శీలమును పట్టించుకొనలేదు. క్రీ. శ. 397 ప్రాంతమున వ్రాయనారంభించిన ‘కన్ఫెషన్స్’లో అగస్టీను ఇవన్నియు దాచలేదు, తండ్రి మరణమును ఒక్క చిన్న వాక్యభాగములో దాటివేసెను. ఆ దాటివేతయందే ఒక గాయము కనబడుచున్నది. తల్లి మోనికాయందు బాల్యమున మద్యపు అలవాటు మొలకెత్తిన సంగతిని కూడ ఆమె మహిమను చెప్పుచున్న చోటనే చెప్పెను. పిమ్మట తొమ్మిదవ భాగము చివర, గ్రంథమంతటిలో మొదటిసారిగా తల్లి పేరు పలికి, దానితో తండ్రి పేరును జతచేసి, చదువరులందరు బలిపీఠమునొద్ద ఆ యిరువురిని స్మరింపవలెనని వేడుకొనెను. తప్పులు చెప్పబడిన తరువాతనే ఆ ప్రార్థనకు అర్థము కలిగినది. నిర్దోషులకు ఆ ప్రార్థనతో పనియేమి?

సంస్కరణకర్త మార్టిన్ లూథరు, తన బాల్యమున ఒక్క కాయ దొంగిలించెనని తల్లి నెత్తురు వచ్చునట్లు కొట్టెననియు, తండ్రి కొట్టిన దెబ్బలకు తాను అతనికి దూరమై, అతడు మరల మచ్చిక చేసికొనువరకు కినుక వహించితిననియు తానే చెప్పుకొనెను. వారి ఉద్దేశము మాత్రము మంచిదేనని చేర్చెను. 1505లో తండ్రి యిష్టమునకు విరోధముగా మఠమున చేరెను. 1521లో సన్న్యాసవ్రతములను ఖండించిన గ్రంథమును ఆ తండ్రికే అంకితమిచ్చి, ఆనాటి తండ్రి కోపమునందును న్యాయమున్నదని ఒప్పుకొనెను. 1529 నాటి పెద్ద ప్రశ్నోత్తరిలో, తల్లిదండ్రులు దరిద్రులైనను, దుర్బలులైనను, వింతస్వభావులైనను, దేవుడు ఇచ్చినవారు గనుక సన్మానార్హులని వ్రాసెను. మరుసటి యేట కోబుర్గు కోటలో తండ్రి మరణవార్త విని, కీర్తనల గ్రంథము చేతబట్టి గదిలోనికి పోయి విలపించెను.

లూథరు వలెనే కతోలికులును ఈ సన్మానపు ఆజ్ఞను నాలుగవదిగా లెక్కించిరి. యూదులును తక్కిన సంస్కరణ సంఘములును అయిదవదిగా లెక్కించిరి. అందుచేతనే 1842లో హైయరు మిషనరీ వచ్చిన గుంటూరు లూథరను సంఘములలో పిల్లలు నాలుగవదిగా వల్లించు ఆజ్ఞనే, 1840లో శామ్యూల్ డే వచ్చిన నెల్లూరి బాప్తిస్తు సంఘములలో పిల్లలు అయిదవదిగా నేర్చుకొందురు. సంఖ్య మారినను వివరణ మారలేదు. 1563 నాటి హైడెల్బర్గు ప్రశ్నోత్తరి తల్లిదండ్రుల బలహీనతలను ఓర్పుతో భరింపవలెనని నేర్పెను. పదునేడవ శతాబ్ది నడుమ వెస్ట్‌మిన్‌స్టరు పెద్ద ప్రశ్నోత్తరి, ఆ బలహీనతలను ప్రేమతో కప్పవలెనని చెప్పి, కొన్ని ప్రశ్నల తరువాత పెద్దలు చేయు పాపముల పట్టికను కూడ ఇచ్చెను: మితిమీరిన శిక్ష, అధర్మమైన ఆజ్ఞ, పిల్లలకు కోపము రేపుట. కప్పుట యొకచోట, పేరు పెట్టి చెప్పుట మరియొకచోట.

ఈ రెంటిని ఒకే లేఖినితో చేసినవాడు డెన్మార్కు తత్త్వవేత్త సోరెన్ కీర్కెగార్డు. అతని తండ్రి మైకేలు, జట్లండు ప్రాంతమున గొఱ్ఱెలు కాచు పేదబాలుడుగా నున్నప్పుడు, ఆకలికి చలికి తాళలేక గుట్టపై నిలిచి దేవుని శపించెను. ఆ పాపభీతి వృద్ధాప్యమువరకు అతనిని విడువలేదు. ఆ విషాదమును, కఠినమైన భక్తిని అతడు బాలుడైన సోరెనుపై మోపెను. ఆ పెంపకము మానవదృష్టికి ఉన్మాదమువంటిదని కుమారుడే తరువాత వ్రాసెను. ఆ శాపవృత్తాంతమును మాత్రము తండ్రి పేరు చెప్పక తన దినచర్యలో వ్రాసికొనెను. అది తమ తండ్రి కథయేయని అన్నగారైన బిషప్పు పేటరు ధ్రువపరచుట సోరెన్ మరణానంతరము జరిగెను. తండ్రి 1838లో చనిపోయెను. 1843 మొదలుకొని ప్రకటించిన భక్తిప్రసంగ సంపుటములను సోరెన్, ఈ నగరమున ఒకప్పుడు బట్టల వర్తకుడైన నా తండ్రికి అని, పూర్తి పేరుతో, ఒకదాని తరువాత నొకటిగా అంకితమిచ్చుచు వచ్చెను.