సంచీ సంగతి కాదు, తుపాకీ సంగతి

2018 ఏప్రిల్ మొదట్లో, వసంత సెలవుల తర్వాత ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ హైస్కూలుకు తిరిగొచ్చిన పిల్లలకు, లోపలున్నదంతా బయటికి కనిపించే ప్లాస్టిక్ సంచీలు ఇచ్చారు. ఏడు వారాల కిందట, ఫిబ్రవరి 14న, ఆ మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్ హైస్కూల్లోనే పాత విద్యార్థి ఒకడు ఏఆర్-15 రకం రైఫిల్‌తో 17 మందిని చంపాడు. ఇకపై అలా జరక్కుండా పెద్దలకు తోచిన జాగ్రత్తల్లో ఈ సంచీ ఒకటి. కొందరు పిల్లలు దానికి 1.05 డాలర్లు అని రాసిన నారింజ రంగు ధర చీటీ కట్టారు. తుపాకీ హక్కుల సంస్థ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ నుంచి అప్పటి సెనెటర్ మార్కో రూబియోకు దక్కిందని చెప్పే మొత్తాన్ని ఫ్లోరిడా విద్యార్థుల సంఖ్యతో భాగించి, తలకింత అని తేల్చిన లెక్క అది. తుపాకీ హింస మీద అమెరికా విద్యార్థుల పోరాటమంతా ఆ సంచీకీ ఆ చీటీకీ మధ్య పెనుగులాటే అంటాను. కాల్పులు జరిగిన ప్రతిసారీ పెద్దలు చర్చను బడి తలుపుల మీదికి, పిల్లల నడవడి మీదికి మళ్లించారు. విద్యార్థులు దాన్ని మళ్లీ తుపాకీ దగ్గరికి, ఆపైన బడి బయటి వీధిలోకి లాక్కొచ్చారు. అందుకు వాళ్లకు ఇరవై ఏళ్లు పట్టింది.

1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటివాళ్లనూ ఒక ఉపాధ్యాయుడినీ కాల్చి చంపారు. వాళ్లు వాడిన తుపాకుల్లో మూడింటిని 18 ఏళ్లు నిండిన ఒక స్నేహితురాలు తుపాకుల సంతలో కొనిపెట్టింది. అమ్మినవాళ్లు లైసెన్సు డీలర్లు కారు కాబట్టి కొనేవాళ్ల పూర్వాపరాలు ఆరా తీసే పనే పడలేదు. ఆ కంత పూడ్చే సవరణ మే నెలలో సెనేట్‌లో ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ ఓటుతో 51-50గా గట్టెక్కింది, ప్రతినిధుల సభలో ఆగిపోయింది. చివరికి 2000 నవంబరులో కొలరాడో ఓటర్లే, 70 శాతం మంది, తమ రాష్ట్రం వరకు ఆ కంత మూసేశారు. ఆ ప్రచారంలో విద్యార్థులూ తిరిగారు గానీ, ముందు నిలబడింది బిడ్డను పోగొట్టుకున్న ఒక తండ్రి. దేశంలో మిగతా చోట్ల సమాధానం మరోలా వచ్చింది: బడుల్లో పోలీసులు, మెటల్ డిటెక్టర్లు, చిన్న తప్పుకీ బహిష్కరణ, లాక్‌డౌన్ డ్రిల్లు. లైట్లార్పి, గడియ పెట్టి, కిటికీకి కనబడకుండా మూల నక్కి చప్పుడు చేయకుండా కూర్చోవడం ఎక్కాలతో పాటు నేర్చుకున్న తరం అది. కాస్త ఎదిగాక వీధిలోకి వచ్చిందీ ఆ తరమే.

విద్యార్థులంతా ఒకే మాట మీద ఉన్నారనుకుంటే పొరపాటు. 2007 ఏప్రిల్‌లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 32 మంది హతులయ్యాక, కాలేజీల్లోకి లైసెన్సున్న తుపాకీ తెచ్చుకోనివ్వాలని పట్టుబట్టిన విద్యార్థి సంఘమే పుట్టింది. బతికి బయటపడ్డవాళ్లలో కొందరు అదే సమయంలో ఆయుధాల నియంత్రణకు నడుం కట్టారు. అదే ఏడాది డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఇద్దరు తెలుగు పీహెచ్‌డీ విద్యార్థులను ఒక అపార్ట్‌మెంట్‌లో కాల్చి చంపారు. అలాంటి చావుకు ఊరేగింపులు జరగలేదు. ఈ చరిత్రలో పెద్ద వెలితి అదే. 2012 డిసెంబరులో శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో 20 మంది చిన్నారులు, ఆరుగురు పెద్దలు పోయినప్పుడు మాట్లాడాల్సినవాళ్లకు ఆరేడేళ్లే. భారం తల్లిదండ్రుల మీద పడింది. మరుసటి ఏప్రిల్‌లో తుపాకీ కొనేవాళ్ల పూర్వాపరాల తనిఖీని పెంచే సవరణకు సెనేట్‌లో 54 ఓట్లు వచ్చాయి, కావలసినవి 60.

ఊరేగింపుకు నోచుకోని చావుల వెలితి పూడ్చే పని నగరాల్లోని నల్లజాతి పిల్లలు మొదలుపెట్టారు. 2013 జనవరిలో, ఒబామా రెండో ప్రమాణస్వీకార వేడుకల్లో తన స్కూలు బృందంతో ప్రదర్శన ఇచ్చి వచ్చిన వారానికే, షికాగోలో 15 ఏళ్ల హడియా పెండిల్టన్ పార్కులో తూటాకు బలైంది. ఆమె స్నేహితులు నారింజ రంగు ఎంచుకున్నారు. అడవిలో వేటగాళ్లు, మరో వేటగాడు పొరపాటున కాల్చకుండా, వేసుకునే రంగది. 'నేను మనిషిని, కాల్చకు' అని చెప్పే రంగు. 2015 నుంచి జూన్ మొదట్లో దేశమంతటా నారింజ దుస్తుల దినం జరుగుతోంది. ఫ్లోరిడాలో ట్రేవాన్ మార్టిన్ అనే నల్లజాతి కుర్రాడి హత్య తర్వాత ఏర్పడిన డ్రీమ్ డిఫెండర్స్ యువకులు 2013 వేసవిలో రాష్ట్ర క్యాపిటల్ భవనంలో 31 రోజులు బైఠాయించారు. కెమెరాలు మాత్రం వీళ్లకోసం పార్క్‌లాండ్‌కు వచ్చినంతగా రాలేదు.

పార్క్‌లాండ్ పిల్లల ఘనత ఇక్కడే ఉంది. కెమెరాలు తమవైపు ఎందుకు తిరిగాయో వాళ్లు గ్రహించారు. మార్చిలో షికాగో విద్యార్థులను తమ ఊరికి పిలిచి మాట్లాడారు. మార్చి 24న వాషింగ్టన్‌లో జరిగిన 'మార్చ్ ఫర్ అవర్ లైవ్స్' వేదిక మీద షికాగో పీస్ వారియర్స్ కుర్రాళ్లకూ చోటిచ్చారు. వర్జీనియా నుంచి వచ్చిన 11 ఏళ్ల నయోమి వాడ్లర్ పత్రికల మొదటి పేజీకి ఎక్కని నల్లజాతి అమ్మాయిల గురించి మాట్లాడింది. పార్క్‌లాండ్ విద్యార్థి ఎక్స్ గొంజాలెజ్ చనిపోయినవాళ్ల పేర్లు చదివి మౌనంగా నిలబడితే, గడియారం మోగేదాకా జనం ఏం చేయాలో తెలియక ఒకసారి నినాదం అందుకున్నారు, మళ్లీ ఊరుకున్నారు. మొత్తం ఆరు నిమిషాల ఇరవై సెకన్లు, హంతకుడికి పట్టిన సమయం.

పెద్దలు ఆడించిన పిల్లలని ఆనాడే విమర్శ వచ్చింది. డబ్బు, బస్సులు, అనుమతుల విషయంలో పెద్దల సాయం నిజమే. కానీ షికాగో చెలిమి, నారింజ రంగు పిల్లల ఆలోచనలే. అసలు గట్టి ఆక్షేపణ వేరే ఉంది: ఏం సాధించారు? మార్చి 9న రిపబ్లికన్ గవర్నర్ రిక్ స్కాట్ సంతకం చేసిన చట్టం తుపాకీ కొనే వయసును 21కి పెంచింది, మూడు రోజుల నిరీక్షణ పెట్టింది, ప్రమాదకరమైన వ్యక్తి ఆయుధాన్ని కోర్టు ఆజ్ఞతో తీసుకునే వీలు కల్పించింది. అదే చట్టం బడి సిబ్బందికి తుపాకులివ్వడానికీ తలుపు తెరిచింది. సంచీ, చీటీ రెండూ ఒకే కాగితంలో. ఆ నవంబరులో ఫ్లోరిడాలో గెలిచింది తుపాకీ హక్కుల పక్షమే. 2023లో అనుమతి పత్రం లేకుండా తుపాకీ దాచుకు తిరిగే వీలూ అక్కడే వచ్చింది. అయినా ఓటమి అనలేను. కోర్టు ఆజ్ఞతో ఆయుధం తీసుకునే చట్టం పార్క్‌లాండ్‌కు ముందు అయిదు రాష్ట్రాల్లో ఉండేది, ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. టెక్సస్‌లోని యువాల్డీ బడిలో జరిగిన హత్యాకాండ తర్వాత 2022 జూన్‌లో, దాదాపు ముప్పై ఏళ్లకు, చెప్పుకోదగ్గ కేంద్ర చట్టం వచ్చింది. 2023లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ కాల్పుల తర్వాత రాష్ట్ర క్యాపిటల్ ముందు కూర్చున్న విద్యార్థుల నిరసన ఊరికే పోలేదు. రెండు నెలల్లో తనిఖీల చట్టం, ఇంట్లో తుపాకీకి తాళం వేయాలన్న చట్టం వచ్చాయి.

2020 నుంచి అమెరికాలో 1-19 ఏళ్లవారి మరణాలకు తుపాకే మొదటి కారణం, అందులో బడిలో జరిగేవి పిసరంత. నారింజ రంగు పిల్లలు ముందే చెప్పిందిదే. 2018 జూలైలో, పార్క్‌లాండ్ విద్యార్థుల బస్సు ఓట్లు నమోదు చేయిస్తూ ఊరూరా తిరుగుతుండగా, కాన్సస్ సిటీలో ఒక రెస్టారెంటులో దొంగ కాల్పులకు వరంగల్ విద్యార్థి చనిపోయాడు. చదువు కోసం వెళ్లిన అలాంటివారికి అక్కడ ఓటే లేదు. బడి పిల్లలకైతే వయసొచ్చాక వస్తుంది. కానీ ఓటు వచ్చేసరికి వాళ్లు బడి దాటిపోతారు, నాలుగేళ్లకొకసారి ఉద్యమం మొత్తం కొత్త చేతుల్లోకి పోతుంది. పార్క్‌లాండ్ చట్టంలోని 21 ఏళ్ల నిబంధనను 2025 మార్చిలో అప్పీలు కోర్టు నిలబెట్టింది. ఫ్లోరిడా ప్రతినిధుల సభ దాన్ని మళ్లీ 18కి తగ్గించాలని పలుమార్లు ఓటు వేసింది, సెనేట్ ముందుకు తీసుకెళ్లలేదు. ఈసారి క్యాపిటల్ మెట్లెక్కి అడ్డుకోవాల్సినవాళ్లు, 2018 ఫిబ్రవరిలో ఒకటో రెండో తరగతి చదువుతున్న పిల్లలు.