స్వల్ప ఆధిక్యం – ప్రజాభీష్టం: స్కాట్లాండ్ (1979), వేల్స్ (1997) ప్రజాభిప్రాయ సేకరణల పరిశీలన

ఉపోద్ఘాతం:
ప్రజాభిప్రాయ సేకరణలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలుపు గెలుపే. అయితే ఆ గెలుపును ప్రజాభీష్టంగా పరిగణించవచ్చునా అన్నది వేరే ప్రశ్న. పద్దెనిమిదేళ్ళ వ్యవధిలో బ్రిటన్ ఈ ప్రశ్నకు రెండు భిన్నమైన సమాధానాలిచ్చింది. వాటిని పోల్చి చూడటం ఈ వ్యాస ఉద్దేశం.

స్కాట్లాండ్ – 40 శాతం నిబంధన:
1979 మార్చి 1న ప్రత్యేక శాసనసభ ఏర్పాటుపై స్కాట్లాండ్ ప్రజల అభిప్రాయం కోరారు. అనుకూలంగా 12,30,937 ఓట్లు (51.6 శాతం), వ్యతిరేకంగా 11,53,502 ఓట్లు వచ్చాయి. అయినా సభ ఏర్పడలేదు. మొత్తం ఓటర్లలో కనీసం 40 శాతం మంది అనుకూలించకపోతే, చట్టం రద్దుకు ఉత్తర్వును పార్లమెంటు ముందుంచాలని లేబర్ సభ్యుడు జార్జ్ కన్నింగ్‌హామ్ తెచ్చిన సవరణ నిర్దేశించింది. అనుకూలించినవారు 32.9 శాతమే. ఆ విధంగా ఓటు వేయనివారి మౌనం వ్యతిరేకతతో సమానమైంది. తదనంతర పరిణామాలలో మార్చి 28న కాలహాన్ ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో 311–310 ఓట్లతో పతనమైంది. ప్రజలిచ్చిన 77,435 ఓట్ల ఆధిక్యం చాలదన్న సభలోనే ఒక్క ఓటు ప్రభుత్వాన్ని మార్చడానికి చాలింది.

వేల్స్ – సాధారణ ఆధిక్యం:
1979లో వేల్స్ ఓటర్లు దాదాపు 80 శాతం ఓట్లతో ఇటువంటి ప్రతిపాదననే తిరస్కరించారు. 1997 సెప్టెంబర్ 18న అది 50.3 శాతంతో, 6,721 ఓట్ల తేడాతో నెగ్గింది. పోలింగ్ సుమారు 50 శాతం. అంటే మొత్తం ఓటర్లలో నాలుగోవంతు మంది అంగీకారంతో సభ ఏర్పడింది. పాత నిబంధనే ఉంటే ఆ సభ పుట్టేది కాదు.

విశ్లేషణ:
కాలం ఈ రెండు ఫలితాలనూ పరీక్షించింది. స్కాట్లాండ్‌లో ఆగిపోయిన కోరిక 1997లో 74.3 శాతం ఆమోదంతో తిరిగి వచ్చింది. వేల్స్ సభ శాసనాధికారాల విస్తరణకు 2011లో 63.5 శాతం అనుకూలించారు. అయితే అప్పటి పోలింగ్ 35.6 శాతమే కనుక, మౌనాన్ని అంగీకారంగా చదవటమూ సాహసమే.

ముగింపు:
స్వల్ప ఆధిక్యం ఒక ప్రయత్నానికి అనుమతి ఇస్తుంది; ప్రజాభీష్టం తరువాతి ఆచరణలో రుజువు కావాలి. సరిదిద్దుకోదగిన నిర్ణయానికి సాధారణ ఆధిక్యం చాలవచ్చు. వెనక్కి తీసుకోలేని నిర్ణయానికి అంతకంటే దృఢమైన అంగీకారం అవసరం. ఆ కొలత ఏదైనా, ఓటు వేయని వారిని ఏదో ఒక పక్షానికి అప్పగించేదిగా ఉండరాదు.