కాయకం

కాయకం: వీరశైవ సంప్రదాయంలో జీవనోపాధికి చేసే వృత్తినే శివారాధనగా భావించే సిద్ధాంతం. శరీరం అనే అర్థమిచ్చే ‘కాయం’ దీనికి మూలపదం. 12వ శతాబ్దంలో కలచురి రాజు బిజ్జలుని పాలనలో, కల్యాణంలో (నేటి కర్ణాటకలోని బసవకల్యాణ) బసవేశ్వరుడు, తోటి శరణులు (శివభక్తులు) దీనిని ప్రచారం చేశారు.

సూత్రాలు: ప్రతి భక్తుడూ పనిచేసే బతకాలి. పనుల్లో ఎక్కువ తక్కువలు లేవు. సంపాదన నిజాయితీగా ఉండాలి. అవసరానికి మించినది దాచుకోకుండా సమాజానికి, జంగములకు (సంచార శైవ గురువులకు) అర్పించాలి. దీనిని ‘దాసోహం’ అంటారు.

శరణులు: చాకలి మడివాళ మాచయ్య, పడవ నడిపే అంబిగర చౌడయ్య, తాళ్లు పేనే నులియ చందయ్య, చెప్పులు కుట్టే హరళయ్య తమ వృత్తుల్లోనే ఉంటూ శరణులుగా పూజలందుకున్నారు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలు ఏరుకుని జీవించేవాడు. ఒకనాడు అవసరానికి మించి తెస్తే, భార్య లక్కమ్మ అది ఆశ అవుతుందని మందలించి, మిగిలినవి తిరిగి అక్కడే పోసి రమ్మందని కథ.

కొలువులో నీతి: బసవేశ్వరుడు స్వయంగా బిజ్జలుని కొలువులో భండారి (కోశాధికారి). ఖజానా సొమ్మును జంగములకు పంచుతున్నాడని అభియోగం వచ్చినప్పుడు, లెక్కిస్తే ధనం తగ్గలేదని పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపద కావ్యం ‘బసవపురాణం’లో వర్ణించాడు. విశ్వాసం పనికి అడ్డు కాకూడదని, దానిని మరింత శుద్ధి చేయాలని ఈ కథ సూచిస్తుంది.