కోట వాకిట మోటారు సైకిలు

ఓరుగల్లు కోటను గూర్చి ప్రసంగించువారు సాధారణముగా గణపతిదేవ చక్రవర్తితోనో, రుద్రమదేవితోనో ఆరంభింతురు. మేము మాత్రము నేడు ఒక మోటారు సైకిలుతో ఆరంభింపవలసి వచ్చినది. శ్రోతలు మన్నింతురు గాక.

ఈ నడుమ మేమొక పాత బుల్లెట్టు బండిని కొంటిమి. 1972 నాటిది. ఇంటి పైకప్పు మరమ్మతునకై దాచిన సొమ్ములో సగము దీనికి పోయినది. "వానకాలంలో అందరం ఈ బండి కిందే పడుకుందాం లెండి" అని మా ఇంటావిడ ఒక్క మాట అని ఊరకున్నది. ఆ ఒక్క మాటయే చాలును. కావున తొలినాటి సవారి మాకు వినోదము కాదు, పరీక్ష. ఖిలా వరంగల్ దారిని ఎంచుకొనుటకు కారణము చరిత్రాభిమానమని చెప్పుకొనవచ్చును గాని, నిజమునకు దూరము తక్కువ. బండి మొరాయించినను నడిచి ఇల్లు చేరవచ్చును.

బుల్లెట్టను పేరు 1932లో ఇంగ్లండునందలి రెడ్డిచ్ పట్టణమున పుట్టినది. రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థవారు తమ బండ్లను తుపాకులతో పోల్చుకొనుచు ప్రచారము చేసికొనెడివారు. 1950 తరువాతి తొలి సంవత్సరములలో మన సైన్యమువారు సరిహద్దు గస్తీకి ఈ బండ్లను తెప్పించిరి. 1955లో మద్రాసు మోటార్సువారు రెడ్డిచ్ సంస్థతో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపింపగా, మద్రాసు చేరువ తిరువొత్తియూరులో తయారీ మొదలైనది. 1967లో రెడ్డిచ్ కర్మాగారము మూతపడినది. పుట్టినింట దీపమారిన తరువాతను అత్తింట కళకళలాడిన ఆడపడుచు వంటిది ఈ బండి.

దీనిని కదిలించుట ఒక తతంగము. కిక్కును మెల్లగా త్రొక్కుచు ఆమీటరు ముల్లు నడిమికి వచ్చువరకు ఆగవలెను. డీకంప్రెసరు మీటను నొక్కి పిస్టనును శిఖరము దాటింపవలెను. అటుపై ఒక్క నిండు త్రొక్కుడు. మాకు ఏడవ త్రొక్కునకు పలికినది. ఉన్నది ఒకే సిలిండరు. దాని వ్యాసము 70 మిల్లీమీటర్లు, అందు పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. నడక పొడవగుటచే ఇంజను తొందరపడదు. మెల్లగా పోవునపుడును లాగు బలము తగ్గదు. ఒక్కొక్క మ్రోతను విడివిడిగా లెక్కింపవచ్చునేమో అనిపించును. దూరప్రయాణీకులు ఈ బండిని వలచుటకు కారణము వేగము కాదు, ఈ నింపాదియే.

తెల్లవారుజామున బయలుదేరి, రైలు స్టేషను దాటి, మట్టికోటను చేరితిమి. నేడది గడ్డి మొలచిన గుట్ట వలె కనబడును; ఎఱుగనివారు కోటగోడ అనుకొనరు. దానిని దాటిన పిదప ఇండ్లు, దుకాణములు, పడమర కోట అని జనులు పిలుచు వాడ. ఆపై రాతికోట. సున్నము లేకయే పేర్చిన నల్లరాతి దిమ్మెలు, 45 బురుజులు, చుట్టును అగడ్త. గణపతిదేవుడు ఆరంభించిన ఈ నిర్మాణమును రుద్రమదేవి పూర్తిచేసినదని చెప్పుదురు.

రోడ్డు నేటికిని ఆ రాతి వాకిటినుండియే పోవుచున్నది. మేము రెండవ గేరులో, కొంచెము గర్వముతోనే, లోపలికి మఱలితిమి. ఎదురుగా బఱ్ఱెల మంద! కుడికాలితో బ్రేకు నొక్కితిమి. కాని ఈనాటి బండ్లకు కుడిప్రక్కనుండు బ్రేకు ఆ పాతబండికి ఎడమప్రక్కన ఉన్నది. కుడిప్రక్కన ఉన్నది గేరు. బండి ఆగుటకు మారుగా మూడవ గేరులో పడి, గింజుకొని, మూలిగి, ఆగిపోయినది. హ్యాండిలు కొన ద్వారబంధపు శిలకు జానెడు దూరమున నిలిచినది. ఏడువందల యేండ్లు దాటిన రాయి అది. పైకప్పు సొమ్ము మాట ఆ క్షణమున మాకు తోచలేదు. ఆ రాతికి గీటు పడినచో ఏ ముఖముతో మైకు ముందు కూర్చుండి కోట గొప్పతనము చెప్పుదుమని మాత్రము తోచినది.

బఱ్ఱెలు మమ్ము చూడనైన చూడక మలుపు తిరిగి పోయినవి. వాని వెనుక వచ్చిన ముసలాయన నవ్వి, "గీ దర్వాజల బండి ఉరికియ్యద్దు సారూ, నిమ్మళంగ పోవాలె. నూకుదామా?" అనెను. ఆయన వెనుకనుండి నెట్టగా మేము హ్యాండిలు పట్టుకొని నడచితిమి.

ఎన్నోమార్లు ఆ వాకిలిని కారులో దాటితిమి గాని, దాని నిర్మాణము ఆనాడు భుజములకు తెలిసినది. దారి తిన్నగా పోదు. ముందొక ఆవరణ, అందు ప్రవేశించినవాడు ప్రక్కకు మఱలవలెను, మరల తిరిగినగాని లోపలి వాకిలి ఎదురుపడదు. పరుగున వచ్చు గుఱ్ఱమునకు ఇచట పరుగు ఉండదు. తలుపును ఢీకొట్టదలచిన ఏనుగునకు వెనుకకు జరిగి ఊపు తెచ్చుకొను చోటు లేదు. ఆగినవానిపై గోడల మీదివారు బాణములు కురిపింపవచ్చును. మూడు మణుగులైన లేని మేము, నాలుగు మణుగులు దాటిన ఇనుమును ఆ మలుపులో త్రిప్పుటకు రెండుసార్లు వెనుకకు లాగవలసి వచ్చినది.

1310లో మాలిక్ కాఫూరు దండు మట్టికోటను పట్టుకొనగలిగినది గాని, రాతికోట వాకిలిని చీల్చుకొని లోపలికి రాలేదు. ప్రతాపరుద్రుడు సంధి చేసికొనెను. కప్పముగా 100 ఏనుగులు, 7,000 గుఱ్ఱములు పోయినవని చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ వ్రాసినాడు. లెక్క హెచ్చైనను కావచ్చును. కాని ఆ గుఱ్ఱములు ఈ వంకర వాకిళ్లలో ఏదో ఒక దానినుండియే బయటికి పోయి ఉండవలెను, ఒక్కొక్కటే, నింపాదిగా. 1323లో ఉలుగ్ ఖాను వచ్చినపుడు కోట పడినది. రాజధాని పేరు సుల్తాన్‌పురమైనది.

లోపల బండి మరల పలికినది. స్వయంభూ దేవాలయపు నాలుగు కీర్తితోరణములను, ఖుష్ మహలును శ్రోతలు అనేక పర్యాయములు విని యున్నారు. వాని ప్రసక్తి వేఱొకనాడు. తోరణముల నడుమ ఆ వేకువ ఎవరును లేరు. శిథిల శిలలపై ఉడుతలు తిరుగుచుండెను. మేము ఇంజను ఆపి కొంతసేపు కూర్చుంటిమి. వేడెక్కిన సిలిండరు చల్లారుచు టిక్కుటిక్కుమనుచుండెను.

తిరుగు దారిలో వాకిలి ముందే దిగితిమి. అదే ముసలాయన గట్టుపై కూర్చుండి బీడీ కాల్చుచుండెను. "మల్ల ఆగిందా సారూ?" అని అడిగెను. లేదు, మేమే ఆపితిమని చెప్పితిమి. ఆయన నమ్మినట్లు లేదు. బీడీ ఆర్పి లేచి వచ్చి, మరల వెనుకనుండి నెట్టెను.