దాంపత్య ప్రేమ, గర్భనిరోధం: కతోలిక బోధన పుట్టుపూర్వోత్తరాలు

కతోలిక శ్రీసభ కృత్రిమ గర్భనిరోధాన్ని ఒప్పుకోదన్నది అందరికీ తెలిసిందే. ఎందుకు ఒప్పుకోదన్న ప్రశ్నకు అది ఇచ్చే జవాబు మాత్రం కాలంతోపాటు మారుతూ వచ్చింది. నిషేధం అలాగే ఉండగా, దాని వెనకున్న వాదంలో దాంపత్య ప్రేమకు చోటు క్రమంగా పెరిగింది.

తొలి వాదానికి గట్టి రూపం ఇచ్చినవాడు పునీత అగుస్తీను. యౌవనంలో ఆయన మానీ మతంలో ఉన్నాడు. బిడ్డను కనడమంటే దివ్యకాంతిని మాంసపు చెరలో బంధించడమేనని ఆ మతస్థులు నమ్మేవారు. గర్భం రాని రోజులు లెక్కపెట్టుకునేవారు. ఆ మతం వదిలాక, 401 ప్రాంతంలో, అగుస్తీను వివాహంలోని మేలు గురించి ఒక గ్రంథం రాశాడు. సంతానం, పరస్పర విశ్వాసం, విడిపోని పవిత్ర బంధం అనే మూడు మేళ్లను అందులో చెప్పాడు. సంతానం కోసం కలవడంలో దోషం లేదు. కోరిక కొద్దీ కలిస్తే, అది భార్యాభర్తల మధ్యనైనా, చిన్న పాపమే అన్నాడు. ఈ కఠినమైన చూపు పాశ్చాత్య క్రైస్తవాన్ని శతాబ్దాలపాటు నడిపింది. 1917 నాటి శ్రీసభ చట్టం కూడా సంతానాన్ని కని పెంచడమే వివాహానికి ప్రధాన లక్ష్యమని రాసుకుంది.

1930 ఆగస్టులో ఆంగ్లికన్ బిషప్పులు లండన్‌లోని లాంబెత్ సమావేశంలో కొన్ని పరిమితులతో గర్భనిరోధానికి దారి ఇచ్చారు. ఆ డిసెంబరు 31న పదకొండవ పయస్ పోపు విశ్వలేఖతో (శ్రీసభ అంతటికీ పోపు రాసే లేఖతో) దాన్ని ఖండించాడు. అయితే ఆ లేఖలోనే, దంపతులు ఒకరినొకరు తీర్చిదిద్దుకోవడం కూడా విశాలార్థంలో వివాహానికి ముఖ్య కారణమేనన్న మాట ఉంది. తర్వాతి మార్పులకు బీజం అదే.

అప్పటికే జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ అనే వైద్యులు నెలసరిలో గర్భం నిలిచే రోజులను వేర్వేరుగా లెక్కగట్టారు. 1951లో ఇటలీ మంత్రసానులతో మాట్లాడుతూ, తగిన కారణముంటే దంపతులు మిగతా రోజులకే పరిమితం కావచ్చని పన్నెండవ పయస్ పోపు చెప్పాడు. అలా ఎన్నో కతోలిక ఇళ్లలో క్యాలెండరు, థర్మామీటరు మంచం పక్కకు చేరాయి: రోజూ నిద్ర లేవగానే, మంచం దిగకముందే భార్య శరీర ఉష్ణోగ్రత చూసి రాసుకోవాలి.

1960లో అమెరికా ప్రభుత్వం గర్భనిరోధక మాత్రకు అనుమతి ఇచ్చింది. దాని రూపకల్పనలో పాలుపంచుకున్న జాన్ రాక్ కతోలిక వైద్యుడే. శరీరంలో సహజంగా జరిగే పనినే మాత్ర పొడిగిస్తుంది కాబట్టి శ్రీసభ ఒప్పుకోవచ్చని ఆయన వాదించాడు. 1963లో ఇరవై మూడవ జాన్ పోపు గర్భనిరోధంపై ఒక చిన్న పరిశీలనా సంఘాన్ని వేశాడు. ఆయన తర్వాత పోపైన ఆరో పాల్ దాన్ని బాగా పెంచి గృహస్థులనూ చేర్చాడు. షికాగోకు చెందిన పాట్రిక్, పాటీ క్రౌలీ దంపతులు ఎందరో కతోలిక జంటల అనుభవాలను సేకరించి సంఘం ముందు పెట్టారు. రోజుల లెక్క తప్పి వరుసగా కాన్పులైన తల్లుల గోడు, ప్రేమ కన్నా భయమే ఎక్కువైన కాపురాల గోడు అందులో ఉంది. వేదాంత చర్చకు ఇలాంటి సాక్ష్యం దొరకడం అపురూపం. 1966లో సంఘంలో అధికసంఖ్యాకులు మార్పునే కోరారు.

పోపు వారి మాట స్వీకరించలేదు. 1968 జులై 25 తేదీతో వెలువడిన ‘హుమానే వీటే’ విశ్వలేఖ నిషేధాన్ని నిలిపింది. కానీ అందులోని వాదం అగుస్తీనుది కాదు. దాంపత్య కలయికకు దంపతులను ఏకం చేయడం, ప్రాణానికి తెరుచుకుని ఉండడం అనే రెండు అర్థాలు ఉన్నాయనీ, వాటిని మనిషి తనంతట తాను విడదీయరాదనీ అది చెప్పింది. జబ్బు నయం కావడానికి వాడే మందు వల్ల గర్భం నిలవకపోతే తప్పు లేదంది. ప్రభుత్వాలు ప్రజలపై గర్భనిరోధాన్ని రుద్దే ప్రమాదముందనీ హెచ్చరించింది. ఎమర్జెన్సీ నాటి బలవంతపు ఆపరేషన్లను చూసిన భారతీయులకు ఆ హెచ్చరిక విలువ తెలుసు.

లేఖపై నిరసన వెంటనే రేగింది. ఆ సెప్టెంబరులోనే కెనడా పీఠాధిపతులు విన్నిపెగ్‌లో సమావేశమై, మనస్సాక్షితో ఆలోచించి కూడా దీన్ని పాటించలేకపోయిన దంపతులను శ్రీసభకు దూరం చేయరాదని ప్రకటించారు. ఆరో పాల్ ఆ తర్వాత పదేళ్లు బతికినా మరో విశ్వలేఖ రాయలేదు.

1979 నుంచి 1984 వరకు రెండో జాన్ పాల్ పోపు తన బుధవారపు ప్రసంగాల్లో, దంపతుల శరీరాలు పరస్పర సమర్పణను పలికే భాష అని వివరించాడు. 1983 నాటి కొత్త శ్రీసభ చట్టం ప్రధానం, ద్వితీయం అన్న వరుసను వదిలి దంపతుల మేలును, సంతానాన్ని పక్కపక్కన నిలిపింది. 2016లో ఫ్రాన్సిస్ పోపు కుటుంబ ప్రేమపై వెలువరించిన పత్రం ‘హుమానే వీటే’ను సమర్థిస్తూ, సహజ పద్ధతులను ప్రోత్సహించాలంటూనే, ఎంతమంది పిల్లలన్న నిర్ణయంలో దంపతుల మనస్సాక్షికి గౌరవం ఇచ్చింది.